నీళ్ల దగ్గర ఎవరుంటారు?

మలక్‌పేటలో ఓ ఇల్లు ఊహించుకోండి. మే నెల మధ్యాహ్నం. బయట రోడ్డు పెనంలా కాలుతోంది. లోపల కూలర్ ముందు కూర్చుని ఇల్లాలు లిస్టు రాస్తోంది. వచ్చే ఆదివారం ఆయనకు యాభై నిండుతాయి. పిల్లలిద్దరూ చదువులకని వేరే ఊళ్లలో ఉన్నారు. ఈసారి హోటల్లో భోజనం వద్దనుకున్నారు. ఎల్బీనగర్ చౌరస్తా దాటి, సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే స్విమ్మింగ్ పూల్ ఉన్న ఫామ్‌హౌస్‌లు రోజు అద్దెకు దొరుకుతాయి. అందులో ఒకటి మాట్లాడుకున్నారు. ఆయన ఆఫీసు స్నేహితులు, ఆవిడ తరఫు చుట్టాలు, పక్క ఫ్లాట్ల దంపతులు... మొత్తం ఇరవై మంది. అందరూ పెద్దవాళ్లే.

బిర్యానీ, మామిడిపండ్లు, తాటిముంజలు, ఐసు, పాటల బాక్సు, తువ్వాళ్లు... లిస్టు రెండు పేజీలైంది. అప్పుడే వచ్చిన తమ్ముడు దాన్ని పైనుంచి కిందికి చదివి ఒకే మాట అడిగాడు.

‘‘అన్నీ రాసినవక్కా. నీళ్ల కాడ ఎవరుంటరు?’’

‘‘అదేం మాటరా? అందరం ఆడనే ఉంటం గదా!’’

‘‘అందరూ ఉన్నరంటే ఎవరూ లేరన్నట్టే అక్కా.’’

వేసవిలో పూల్ పార్టీ పెట్టుకునే ప్రతి ఇల్లూ తనను తాను అడగాల్సిన ప్రశ్న ఇదే. పిల్లలు నీళ్లలో ఉంటే పది మంది కళ్లు వాళ్ల మీదే ఉంటాయి. అదే పెద్దవాళ్లయితే ‘వాళ్లకేంలే’ అనుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది.

గట్టు మీది మామ

నీళ్లలో సరదా మనకు కొత్తేమీ కాదు. ప్రబంధ కవులు పాటించిన అష్టాదశ వర్ణనల్లో జలక్రీడ ఒకటి. ఆ జాబితాలో దాని పక్కనే మధుపానమూ ఉంటుంది. కావ్యంలో ఎవరూ మునిగిపోరు కనుక కవులకు చెల్లింది. ఫామ్‌హౌస్‌లో ఆ రెంటినీ పక్కపక్కన పెడితే మాత్రం చెల్లదు.

ఇప్పుడు యాభైల్లో ఉన్నవాళ్లలో చాలామంది పల్లెల్లో మోటబావుల్లోనే ఈత నేర్చుకున్నారు. నడుముకు బెండ్లో, ఎండిన సొరకాయ బుర్రో కట్టుకుని దూకేవారు. అయితే ఆ బావి గట్టు మీద తాడు పట్టుకుని ఓ మామో, పెదనాన్నో నిలబడి ఉండేవారు. పిల్లాడు రెండు గుటకలు మింగితే చాలు, పైకి లాగేవారు. ఫామ్‌హౌస్ పూల్ దగ్గర నీలం రంగు టైల్స్ ఉంటాయి, రంగురంగుల లైట్లు ఉంటాయి, కుర్చీలు ఉంటాయి. తాడు పట్టుకున్న ఆ మామ మాత్రం ఉండడు.

అరుపు వినబడదు

సినిమాల్లో మునిగిపోయేవాళ్లు చేతులు ఊపుతారు, ‘కాపాడండి’ అని కేకలు వేస్తారు. నిజంగా మునిగేవాళ్లకు ఆ అవకాశమే ఉండదు. న్యూయార్క్ బీచ్‌లో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా, మునిగిపోతున్నవాళ్లను ఫిల్మ్ తీసి మరీ ఈ సంగతి చూపించాడు. నోరు నీటిపైకి వచ్చే ఆ ఒక్క క్షణం ఊపిరి పీల్చడానికే సరిపోతుంది. అరవడానికి గాలి మిగలదు. చేతులు పైకి లేవవు, నీటిని కిందికి నొక్కుతూ పక్కకు చాచి ఉంటాయి. మనిషి నిలువుగా, నిచ్చెన ఎక్కుతున్నట్టు కనిపిస్తాడు. ఇదంతా 20 నుంచి 60 సెకన్లలో ముగిసిపోతుంది. పక్కనే పాటలు మోగుతుంటాయి. చూసినవాళ్లు కూడా ‘ఆడుకుంటున్నాడు’ అనుకుంటారు.

మన దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారు. ప్రపంచం మొత్తం మీద 2021లో సుమారు 3 లక్షల మంది ఇలా ప్రాణాలు కోల్పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ సమస్యను గుర్తించే ఐక్యరాజ్యసమితి 2021లో జులై 25ను నీట మునిగే ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది.

అందుకే లిస్టులో మొదటి పేరు వంటమనిషిది కాదు, కాపలా మనిషిది. ఫామ్‌హౌస్ వాళ్లను లైఫ్‌గార్డ్ ఉన్నాడా అని ముందే అడగాలి. లేకపోతే శిక్షణ పొందిన మనిషిని డబ్బిచ్చి పెట్టుకోవాలి. బిర్యానీకి పెట్టే ఖర్చులో అదో లెక్క కాదు. అతను ఉన్నా సరే, ఈత బాగా వచ్చిన నలుగురైదుగురు ఇరవై నిమిషాలకొకరు చొప్పున వంతులు వేసుకోవాలి. వంతులో ఉన్నవాళ్ల మెడలో ఒక విజిల్, తలపై ఎర్రటోపీ ఉంటే ఎవరి డ్యూటీయో అందరికీ తెలుస్తుంది. ఆ ఇరవై నిమిషాలూ ఫోన్ చూడకూడదు, మందు ముట్టకూడదు, కబుర్లలో పడకూడదు. టోపీ ఇంకొకరి తలకెక్కేదాకా కుర్చీ వదలకూడదు. తీసుకునేవాళ్లు లేకపోతే అందరూ నీళ్లలోంచి బయటికి రావాల్సిందే.

ముందు రోజే చూసి రండి

ఫొటోలు చూసి అడ్వాన్స్ ఇవ్వడం చాలామంది చేసే పొరపాటు. ఓ సాయంత్రం వెళ్లి చూసి రావడం మంచిది.

మొదట లోతు. ఎక్కడ మూడున్నర అడుగులు, ఎక్కడ ఆరు అడుగులు అన్నది గట్టు మీద రాసి ఉందా? లేకపోతే లోతు మొదలయ్యే చోట అడ్డంగా ఒక తాడు కట్టించాలి. ఈత రానివాళ్లకు అదే సరిహద్దు. లోతు లేని పూల్‌లో తల ముందుకు పెట్టి దూకితే మెడ ఎముక విరిగి జీవితాంతం మంచానపడే ప్రమాదముంది. గట్టు మీద నుంచి డైవ్ చేయాలంటే కనీసం తొమ్మిది అడుగుల లోతు కావాలి. ఫామ్‌హౌస్ పూల్స్‌లో అంత లోతు సాధారణంగా ఉండదు. కాబట్టి డైవింగ్ లేదని ముందే చెప్పేయాలి.

తర్వాత నీళ్లు. గట్టు మీద నిలబడితే అడుగున ఉన్న డ్రెయిన్ మూత స్పష్టంగా కనిపించాలి. కనిపించలేదంటే ఆ నీళ్లలో మునిగిన మనిషీ కనిపించడు. క్లోరిన్ లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. చూడటానికి చిన్న టెస్ట్ స్ట్రిప్స్ దొరుకుతాయి. ఘాటుగా వాసన వస్తే ‘క్లోరిన్ బాగా వేశారు’ అని సంతోషించకండి. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసినప్పుడు వచ్చే వాసన అది. క్లోరిన్ సరిగా లేని గోరువెచ్చని నీళ్లలో ముక్కు ద్వారా మెదడుకు చేరే అమీబా కూడా ఉండొచ్చు. అరుదైనదే, కానీ ప్రాణాంతకం. 2024, 2025ల్లో కేరళను అమీబా జ్వరాలు కలవరపెట్టాయి.

మూత సంగతి కూడా చిన్నది కాదు. 2002లో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలిని, ఏడేళ్ల పాపను, నీళ్లు లాగే డ్రెయిన్ పట్టేసింది. పాప బతకలేదు. 2007లో ఆ పాప పేరుతోనే అక్కడ డ్రెయిన్ మూతల మీద చట్టం వచ్చింది. పెద్దవాళ్లకైనా పొడవాటి జుట్టు అందులో చిక్కుకుంటే తల పైకి రాదు. మూత విరిగి ఉన్నా, ఊడి ఉన్నా ఆ పూల్ వద్దనడమే మంచిది. మోటారు స్విచ్ ఎక్కడుందో కూడా చూసి పెట్టుకోవాలి.

చివరగా కరెంటు. పార్టీ అనగానే సీరియల్ లైట్లు, పాటల బాక్సులు, ఎక్స్‌టెన్షన్ వైర్లు గట్టు మీదికి చేరతాయి. తడికాళ్లతో వాటిని తొక్కేవాళ్లే అందరూ. షాక్ కొట్టగానే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ బోర్డులో ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. పాటలకు బ్యాటరీ బాక్సు చాలు.

పిలుపులోనే చెప్పేయాలి

‘ఆదివారం రండి’ అని ఊరుకుంటే సరిపోదు. ఎవరికి ఈత వచ్చు, ఎవరికి రాదు అని ఫోన్‌లోనే అడగాలి. ఇందులో మొహమాటం వద్దు. ‘చిన్నప్పుడు వచ్చు’ అనేవాళ్లను రానివాళ్ల లెక్కలోనే వేయాలి. ముప్పై ఏళ్ల కిందటి ఈత చేతులకు గుర్తుంటుంది, దమ్ము మాత్రం ఉండదు.

మూర్ఛ ఉన్నవాళ్లు, గుండె జబ్బుకు మందులు వాడేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టర్ను అడిగాకే నీళ్లలో దిగాలి. విరేచనాలతో బాధపడుతున్నవాళ్లు గట్టు మీదే ఉండిపోవాలి. కొన్ని రకాల క్రిములు క్లోరిన్ నీళ్లలోనూ రోజుల తరబడి బతుకుతాయి.

బట్టల సంగతి ఆడవాళ్లకు ఆడవాళ్లే చెప్పడం మేలు. ‘వదినా, నైటీ, చున్నీ వద్దు. కాటన్‌ది తడిస్తే కాళ్లకు చుట్టుకుంటుంది. నైలాన్ లెగ్గింగ్, పొడుగు చేతుల టాప్ తెచ్చుకో, జడ ముడేసి క్యాప్ పెట్టుకుందాం’ అంటే సరిపోతుంది. నీళ్లలో దిగడం ఇష్టంలేనివాళ్లను బలవంతం చేయకూడదు. వెనక నుంచి తోసి నవ్వే మరదళ్లు, బావలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ పరాచికం ఆ రోజుకి బంద్ అని నవ్వుతూనే చెప్పేయాలి.

ఇంకో ఆట కూడా వద్దు. ‘నీళ్లలో ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారో చూద్దాం’ అని పందెం కాస్తారు. గెలవాలని ముందు గబగబా ఊపిరి పీలుస్తారు. దాంతో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలన్న తపన పుట్టించేది అదే. ఆ తపన రాకముందే ఆక్సిజన్ అయిపోయి, మనిషి నీళ్లలోనే స్పృహ తప్పుతాడు. బాగా ఈత వచ్చినవాళ్లే ఇలా పోతుంటారు.

ముందు నీళ్లు, తర్వాతే గ్లాసు

పెద్దవాళ్ల పార్టీలో మందు మాట రాకుండా ఉండదు. వద్దనుకుంటే అంతకన్నా హాయి లేదు. ఉంటుందంటే వరస మారకూడదు. ఈత పూర్తయ్యి, తలలు తుడుచుకుని, పూల్ గేటు మూశాకే సీసా మూత తీయాలి. గ్లాసు పట్టుకున్నవాళ్లకు ఆ రోజుకి నీళ్లు లేవు. మందు ధైర్యాన్ని పెంచి పట్టును తగ్గిస్తుంది. ఎండలో ఒంట్లోని నీటినీ లాగేస్తుంది. తెలంగాణలో ఇలాంటి పార్టీల్లో మద్యం వడ్డించాలంటే ఎక్సైజ్ శాఖ నుంచి ముందుగా ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు స్టీరింగ్ పట్టుకునేవాళ్లు ఎవరో కూడా ముందే తేల్చుకోవాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటాక లౌడ్ స్పీకర్లు మోగకూడదు. పక్క పొలంలో కాపలా ముసలాయన కూడా నిద్రపోవాలి కదా!

సాయంత్రం నాలుగు తర్వాత నీళ్లలో దిగితే ఎండదెబ్బ భయం తగ్గుతుంది. అయితే మే నెలలో ఆ వేళకే మబ్బు పట్టి ఈదురుగాలి లేస్తుంటుంది. ఉరుము వినబడగానే అందరూ బయటికి రావాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా నీళ్ల జోలికి వెళ్లకూడదు.

తిండి విషయంలో మనవాళ్లకు ఒకరు చెప్పేదేముంది! కాకపోతే బిర్యానీని ఈత తర్వాతకు ఉంచి, ముందు తేలికవి పెడితే ఒళ్లు బరువెక్కదు. కుండలో చల్లటి మజ్జిగ, సబ్జా నీళ్లు, పుచ్చకాయ ముక్కలు, తాటిముంజలు చాలు. మామిడిపండ్లు లేకుండా మే నెల పార్టీ ఏమిటి? ఒకప్పుడు మలక్‌పేటవాళ్లకు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ పక్కవీధిలా ఉండేది. 2021లో అది బాటసింగారానికి తరలిపోయింది. పెట్టెల లెక్కన కావాలంటే అటు వెళ్లాలి. గాజు గ్లాసులు, గాజు ప్లేట్లు మాత్రం గట్టు మీదికి రానివ్వొద్దు. పగిలిన ముక్క నీళ్లలో కనిపించదు, కాలికే తెలుస్తుంది.

జరగకూడనిది జరిగితే

ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకేయకూడదు. మునిగేవాళ్లు కాపాడేవాళ్లను గట్టిగా పట్టేసి కిందికి లాగుతారు. కర్ర చాచాలి, తాడో ట్యూబో విసరాలి. ఏదీ లేకపోతే చీర కొంగైనా అందించాలి. ఇవన్నీ ముందే గట్టు మీద ఉండాలి.

బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మనవైపు ఇంకా చేస్తుంటారు. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు ఊపిరి ఉందా లేదా చూడాలి. లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి రెండుసార్లు గాలి ఊదాలి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో అయిదు సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 సార్లు నొక్కాలి. మళ్లీ రెండు ఊపిర్లు. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. మనిషి తేరుకుని ‘బాగానే ఉన్నా’ అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత ఊపిరాడకపోవడం జరగొచ్చు.

2005 ఆగస్టు 15న మొదలైన 108 పిలిస్తే వస్తుంది. కానీ ఏ మట్టిరోడ్డులోకి తిరగాలో చెప్పలేకపోతే ఎలా? ఫామ్‌హౌస్ ఊరి పేరు, దగ్గరి గుర్తు, దగ్గర్లోని ఆసుపత్రి ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి గేటు దగ్గర తగిలించాలి. గేటు తాళం ఎవరి దగ్గరుందో అందరికీ తెలియాలి.

మలక్‌పేట ఇంట్లో లిస్టు మళ్లీ మొదలైంది. ఈసారి పైన కొత్త గీత గీసి ఆవిడ రాసింది: నీళ్ల దగ్గర, 4 గంటలకు తమ్ముడు, 4.20కి పక్కింటి అన్నయ్య, 4.40కి మేనబావ... ఐసు, పాటలు, తువ్వాళ్లు ఆ కింద వచ్చాయి. బిర్యానీ ఆఖరుకు పోయింది. ఎవరూ బాధపడలేదు. ఎందుకంటే ఆ బిర్యానీ తినడానికి రాత్రి ఇరవై మందీ కూర్చోవాలి.