చెవితో నేర్చిన భాష

కొన్నేళ్ల క్రితం ఆఫీసు పనిమీద మూడు నెలలు చెన్నైలో ఉండాల్సి వచ్చింది. రైలెక్కే ముందు స్టేషన్లో, నెల రోజుల్లో తమిళం నేర్పేస్తానని అట్టమీద హామీ ఇచ్చే పుస్తకం ఒకటి కొన్నాను. గూడూరు దాటేలోపు పది వాక్యాలు బట్టీ పట్టేశా. మర్నాడు పొద్దున్నే రూము కింద టీకొట్టు దగ్గర నిలబడి గంభీరంగా 'ఒరు టీ వేండుం' అన్నాను. కొట్టు నడిపే అక్క పకపకా నవ్వింది. 'సినిమాలో రాజుగారిలా అడుగుతున్నావేంటి తంబీ, వేణుం అను చాలు' అని తమిళంలోనే చెప్పింది. (ఆ మాట అర్థం కావడానికి నాకు ఇంకో వారం పట్టింది లెండి!) ఆ మూడు నెలల్లో నాకు వచ్చిన కాస్త తమిళమూ ఆవిడ పెట్టిన భిక్షే. పుస్తకం అక్కడే ఎవరికో ఇచ్చేశా.

నా చేతిలో పుస్తకమైనా ఉంది. అదీ లేకపోతే? బడి లేదు, నిఘంటువు లేదు, అసలు ఆ భాషకు లిపే లేదు. అలాంటి భాషను ఇంట్లో కూర్చోబెట్టుకుని మనిషి నోటి నుంచి నేర్చుకున్న తెలుగాయన ఒకరున్నారు. ఏటా ఆగస్టు 29న మనం దండ వేసేది ఆయన ఫొటోకే. గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమం గురించి బడి పిల్లలు కూడా చెబుతారు కానీ, సవర భాష సంగతి మాత్రం ఎందుకో వెనకపడిపోయింది.

1880లో పర్లాకిమిడిలో ఆయన మాస్టారుగా చేరారు. అప్పటికి పదిహేడేళ్లు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరలు సంతకు దిగివచ్చేవారు. వాళ్ల మాట నేర్చుకోవాలనిపించింది. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, అతణ్నే గురువు చేసుకున్నారు.

వినడానికి తేలిగ్గానే ఉంది కదూ! చేసి చూడండి. చెయ్యి చూపించి 'దీన్నేమంటారు' అని అడిగితే, ఎదుటివాడు 'చెయ్యి' అనొచ్చు, 'నీ చెయ్యి' అనొచ్చు, 'వేలు' అని కూడా అనొచ్చు. ఏది చెప్పాడో తేల్చుకోవాలంటే మళ్లీ మళ్లీ అడగాలి, పదిచోట్ల పోల్చుకోవాలి. పైగా సవర మన భాషకు చుట్టం కూడా కాదు. సంతాలీ, ముండారీల కుటుంబం. అల్లరి చేయబోయే పసివాణ్ని 'అ.. ఆ!' అని ఆపుతామే, ఆ రెంటి మధ్యా గొంతులో ఒక చిన్న పట్టు పడుతుంది. మనకది అక్షరమే కాదు, సవరలో మాత్రం అదొక ధ్వని. తెలుగు చెవి దాన్ని ఇట్టే జారవిడుస్తుంది.

వాక్యం ఇంకో వింత. 'పులి నిన్ను పట్టుకుంటుంది' అనడానికి మనకు మూడు మాటలు కావాలి. సవరలో పులీ, పట్టుకోవడమూ, నువ్వూ కలిసి ఒక్క మాటైపోతాయి! లెక్క సంగతి చెబితే మీ పిల్లలు సరదాపడతారు. పన్నెండు దాకా వరసగా వెళ్లి, పదమూడును 'పన్నెండూ ఒకటి' అంటారు. ఇరవై దగ్గర మళ్లీ మలుపు. తొంభైమూడు అంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒకటి. కూడి చూసుకోండి.

నేర్చుకుని ఊరుకోలేదాయన. సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం 1913లో 'రావు బహదూర్' బిరుదిచ్చింది. 1931లో ఇంగ్లిషులో రాసిన సవర వ్యాకరణం అచ్చయింది. రెండేళ్లకు ఇంగ్లిషు-సవర నిఘంటువు.

రాతకే ఎక్కని భాషను అంత శ్రద్ధగా విన్న మనిషి, తెలుగు పుస్తకాల్లో మనం మాట్లాడే తెలుగు ఎందుకు లేదని అడగడంలో ఆశ్చర్యం లేదనిపిస్తుంది నాకు. టీకొట్టు అక్క నన్నడిగిందీ దాదాపు అదే!

ఇందులో మనసు కలుక్కుమనే ముక్క ఒకటుంది. సవరల కోసం మన్యం తిరిగి తిరిగి ఆయన మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైన్ వల్లే వినికిడి పోయిందని చెబుతారు. ఏ చెవితో భాష పట్టుకున్నారో ఆ చెవే మొరాయించింది. అయినా పని ఆపలేదు. కొడుకు సీతాపతి గారు కూడా సవర మీద కృషి చేశారు.

పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలో కలిశాక పంతులుగారు రాజమండ్రి వెళ్లిపోయారు. సవర-ఇంగ్లిషు నిఘంటువు 1938లో వెలువడింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. తర్వాత రెండేళ్లకే, 1940 జనవరిలో కన్నుమూశారు. సవర మాట ఇప్పటికీ శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లో, అవతల ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో వినిపిస్తూనే ఉంది. ఆ ఇంట్లో కూర్చుని పంతులుగారికి మాట మాటా చెప్పిన ఆ సవర గురువు పేరు మాత్రం మనం ఏ ఆగస్టులోనూ తలుచుకోం.