ఎడమకి తోస్తే దాగదు

జావాస్క్రిప్టుతో ఐదొందల వరుసల పట్టిక గీయాలంటే ఒక్కో వరుసనీ పేజీకి అతికించకండి, డాక్యుమెంట్ ఫ్రాగ్మెంట్‌లో అంతా కట్టి ఒకేసారి చేర్చండి అని ఎప్పటినుంచో చెప్పుకుంటున్నాం. 1998లో డబ్ల్యూ3సీ ఆమోదించిన డామ్ మొదటి ప్రమాణంలోనే ఉన్న సదుపాయం ఇది. మంచి అలవాటే, కాని దానికి మనం చెప్పే కారణం సగమే నిజం. వరుస చేర్చిన ప్రతిసారీ బ్రౌజరు కొలతలన్నీ మళ్ళీ లెక్కకట్టదు. మామూలుగా స్క్రిప్టు ముగిసేదాకా ఆగుతుంది. మధ్యలో మీరు ఆఫ్‌సెట్ విడ్త్ లాంటిది అడిగారా, పాపం అక్కడికక్కడే లెక్క తేల్చాలి. వరుస చేర్చడం, వెడల్పు అడగడం, మళ్ళీ చేర్చడం, మళ్ళీ అడగడం: పేజీ నత్తనడక నడిచేది ఇందువల్లే.

అడక్కుండా ఉండొచ్చుగా అంటారేమో. నిజమే, సగం కొలతలు సీఎస్ఎస్‌కే వదిలెయ్యొచ్చు. మిగతా సగం దోహాలో పనిచేసే మాబోటివాళ్ళని వదలదు. ప్రభుత్వ శాఖలు తమ వ్యవహారాల్లో అరబిక్ వాడాలని ఖతార్ 2019లో చట్టమే చేసింది. అంచేత అరబిక్ పేజీ సంగతి తర్వాత చూసుకుందాం అంటే ఇక్కడ కుదరదు. అరబిక్ అక్షరం పక్కదాన్నిబట్టి ఆకారం మార్చుకుంటుంది. అక్షరాలు లెక్కపెడితే వెడల్పు తెలియదు. మన 'స్త్రీ' చూడండి, కంటికి ఒకటే, యూనికోడ్‌లో ఆరు. కొలిచి తీరాలి. ఫ్రాగ్మెంట్‌లో ఉన్నదాన్ని కొలిస్తే వచ్చేది సున్నా!

అప్పుడు చాలామంది ఓ పాత చిట్కా బయటికి తీస్తారు: పొజిషన్ యాబ్సల్యూట్ ఇచ్చి ఎడమకి 9999 పిక్సెళ్ళు తోసెయ్యడం. ఇంగ్లీషు పేజీలో ఎడమవైపుకి స్క్రోల్ కాదు కాబట్టి అది కనబడదు. అరబిక్ పేజీ కుడినుంచి ఎడమకి సాగుతుంది, స్క్రోలింగూ అటే. దాచిన సరుకు పుణ్యమా అని దాదాపు పదివేల పిక్సెళ్ళ ఎడారి, కింద ఓ స్క్రోల్ బారు. ఇక్కడ నేను చూసిన ఓ పేజీలో దీన్ని కనిపెట్టింది టెస్టింగువాళ్ళు కాదు, వాడుకరులు. పైగా చేసిన మరమ్మతేమిటంటే అడ్డంగా స్క్రోల్ కాకుండా బిగించడం! దాంతో వెడల్పాటి పట్టికల్లో చివరి నిలువు వరుసలు ఎవరికీ అందకుండా పోయాయి.

కట్టడానికి ఫ్రాగ్మెంట్ వాడండి. కొలవడానికి మాత్రం పేజీలోనే పొజిషన్ ఫిక్స్‌డ్, విజిబిలిటీ హిడెన్ ఇచ్చిన పెట్టె ఒకటి పెట్టండి. డిస్‌ప్లే నన్ పనికిరాదు, మళ్ళీ సున్నాయే. అసలు పట్టికకున్న ఫాంటు, సైజు, దిశ దానికీ ఉండాలి, ఫాంటు పూర్తిగా దిగాకే కొలవాలి. కొలతలన్నీ ఒక్క విడతలో తీసుకుని, ఆ తర్వాతే పట్టికని పేజీలోకి చేర్చండి. పరీక్ష అరబిక్ పేజీతో మొదలుపెట్టండి, ఇంగ్లీషుది తర్వాత చూడొచ్చు.