కడలి సొమ్ములో తీరవాసి వంతు

కొల్లేటికోటలో నిలిచి చూచువానికి సముద్రము కానరాదు. అంతమాత్రమున అది దూరమని తలంచుట పొరపాటు. బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిలో దించిన నీటిని ఉప్పుటేరు బంగాళాఖాతమునకు చేర్చుచున్నది; వేసవిలో సరస్సు తగ్గినపుడు ఆ యేటిగుండనే పోటునీరు ఎగదన్ని మన చేలకును చెరువులకును ఉప్పు తెచ్చుచున్నది. కావున కడలిలో జరుగునది మనకు పట్టనిదని కైకలూరు, ఆకివీడు, ఏలూరు, తాడేపల్లిగూడెము పురజనులెవ్వరును అనుకొనరాదు. ఆ కడలి యడుగున చమురును సహజవాయువును వెదకుచు పావుశతాబ్దముగా సాగుచున్న మహావ్యాపారమును గూర్చియు, అందు తీరవాసులకు చట్టమిచ్చిన వంతును గూర్చియు నేడు మేము కొన్ని మాటలు చెప్పదలచితిమి. ఆ వంతు ఎంతయనగా, సున్న.

విషయమును మొదటినుండి చెప్పవలెను. కృష్ణా గోదావరులు యుగయుగములుగా మోసికొనిపోయిన ఒండ్రును ఇసుకయు కడలిపాలై పొరలుపొరలుగా పేరుకొన్నవి. ఆ పొరల నడుమ వాయువు చిక్కుకొని యున్నది. కొల్లేరు ఏ రెండు డెల్టాల నడుమ పల్లములో నిలిచినదో, ఆ డెల్టాల కొనసాగింపే ఆ నీటిక్రింది భూమి. 1978లో నరసాపురమువద్ద త్రవ్విన బావితో ఓ.ఎన్.జి.సి. యీ సీమలో వెదకులాటను సాగించినది. పిమ్మట 2000వ సంవత్సరములో కేంద్రప్రభుత్వము కాకినాడ కెదుట లోతుసముద్రములోని డి-6 క్షేత్రమును రిలయన్సు కంపెనీకిని దాని భాగస్వామికిని కౌలుకిచ్చెను. 2002లో అందు వాయువు బయల్పడెను. 2009 ఏప్రిలులో గట్టు చేరెను. రోజునకు 8 కోట్ల ఘనపు మీటర్లు వచ్చునని చెప్పిరి. 2010లో 6 కోట్లు దాటి, అటుపిమ్మట వేగముగా తగ్గి, మొదటి రెండు బావులగుంపులును 2020 ఫిబ్రవరిలో మూతపడెను. ఆ సంవత్సరమే డిసెంబరులో 2,000 మీటర్లు దాటిన లోతున మరియొక గుంపునుండి వాయువు తీయ నారంభించిరి. 2024 జనవరిలో ఓ.ఎన్.జి.సి.యు తన పొరుగు క్షేత్రమునుండి తొలి చమురును పైకి తెచ్చెను.

మేము త్రవ్వకమునకు విరోధులము కాము. ఈ దేశము వాడుకొను ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా పరదేశములనుండి వచ్చుచున్నది. వాయువులోను సగమునకు దగ్గరగా దిగుమతియే. పరుల వాకిట దీపమునకై చేయిచాచు జాతి తన యింటి నూనెను తాను తీసికొనుట ధర్మము. రెండువేల మీటర్ల నీటిక్రింద పనిచేయు మన యింజనీర్ల నేర్పును మేము మెచ్చుకొనుచున్నాము. మా ప్రశ్న వేరు. ఆ సొత్తు ఎవ్వరిది? దానికై కష్టమోర్చువారెవ్వరు? ఫలమనుభవించువారెవ్వరు?

మొదటి ప్రశ్నకు రాజ్యాంగమే బదులు చెప్పుచున్నది. 297వ అధికరణము సముద్రగర్భములోని ఖనిజములన్నిటిని కేంద్రప్రభుత్వమున నిక్షేపించినది. ఏడవ షెడ్యూలు కేంద్రజాబితాలోని 53వ పద్దు చమురుక్షేత్రముల నియంత్రణమును ఢిల్లీకే యొసగినది. సహజవాయువును గూర్చి శాసనము చేయు నధికారము రాష్ట్రములకు లేదని 2004లో సుప్రీంకోర్టు తేల్చినది. కాని అదే న్యాయస్థానము 2010 మే నెలలో మరియొక మాటయు చెప్పినది: ఈ సంపద ప్రజలది, ప్రభుత్వము దానికి ధర్మకర్త మాత్రమే యని. ధర్మకర్తకు తాళపుచెవి యుండవచ్చును. సొత్తు మాత్రము వానిది కాదు. ఏ దేవస్థానపు ధర్మకర్తయైనను ఊరివారికి లెక్క చెప్పవలసినదే గదా!

ఇక ఫలము మాట. గట్టుపై బావినుండి వచ్చు చమురునకును వాయువునకును రాయల్టీ రాష్ట్రమునకు చెందుచున్నది. తీరము దాటిన బావి రాయల్టీ అంతయు కేంద్రమునకే. అది పన్ను కాదు గనుక, ఆర్థికసంఘము రాష్ట్రములకు పంచిపెట్టు పన్నుల రాశిలో చేరనే చేరదు. బొగ్గును, ఇనుపరాతిని త్రవ్వు జిల్లాలకు 2015లో చట్టము ఒక మేలు చేసినది: గనుల చట్టమునకు 9బి సెక్షను చేర్చి, రాయల్టీమీద దాని మూడవవంతునకు మించకుండ కొంత సొమ్మును గనిదారుడు జిల్లా ఖనిజనిధికి చెల్లింపవలెనని విధించిరి. గని ప్రక్క గ్రామములకు అది హక్కైనది. అయితే ఆ చట్టము ‘ఖనిజము’ అను మాటకు అర్థము చెప్పుచు ఖనిజతైలమును వెలిగా నుంచినది. సముద్రపు ఖనిజములకై 2002లో చేసి 2023లో సవరించిన చట్టము ఒక నిధిని ఏర్పరచినది. అదియు చమురును వాయువును మినహాయించినది. బొగ్గుగని ప్రక్క వానికి హక్కున్నది. చమురుబావి ప్రక్క వానికి లేదు. ఇది ఏ న్యాయమో శాసనకర్తలే చెప్పవలెను.

సముద్రము జాతి యంతటిది, ఆంధ్రులది మాత్రమే కాదు గదా యని కొందరనుచున్నారు. నిజమే. జాతికి రావలసినదానిని మేము కాదనుట లేదు. కాని అమెరికాలో తీరము దాటిన చమురు సమాఖ్య ప్రభుత్వముదే. అయినను 2006లో ఆ దేశపు కాంగ్రెసు చట్టము చేసి, గల్ఫ్ తీరములోని అలబామా, లూసియానా, మిసిసిపీ, టెక్సాసు రాష్ట్రములకు అర్హముగు కౌళ్ళ ఆదాయములో నూటికి 37.5 పాళ్ళు, ఒక పరిమితికి లోబడి, పంచునట్లు ఏర్పరచినది. బ్రెజిలు దేశములో సముద్రపు బావుల కెదుటనున్న రాష్ట్రములకును పట్టణసభలకును రాయల్టీలో భాగము కలదు. ఆ దేశముల ఐకమత్యము అందువలన చెడిపోలేదు. యాజమాన్యము ఒకరిదైనను, భారము మోయువానికి వంతు నిచ్చుట రాజనీతి.

లోతుసముద్రపు పని మిక్కిలి ఖర్చుతో కూడినది, అందుండి మరల వంతులు తీసినచో ఎవ్వరును పెట్టుబడి పెట్టరని మరికొందరి వాదము. ఖర్చు మాట మేమెరుగుదుము. అందులకు ఢిల్లీ చూపిన దయయు నెరుగుదుము. 2016 విధానమున లోతునీటి క్షేత్రములకు తొలి ఏడేండ్లు రాయల్టీయే లేదు. పిదప నూటికి 5, మరీ లోతైనచో 2 మాత్రమే. డి-6 అభివృద్ధి వ్యయము 2004లో సుమారు 240 కోట్ల డాలర్లుగా నుండి 2006లో సుమారు 880 కోట్లకు పెరిగినను, పెంచిన ఉత్పత్తి లక్ష్యమును చూపి, ప్రభుత్వము అనుమతించెను. ఒడంబడిక ప్రకారము విడతలుగా వదలుకొనవలసిన భూభాగమును వదలకుండ 7,645 చదరపు కిలోమీటర్లును నిలుపుకొననిచ్చిరని 2011లో కాగ్ నివేదిక ఆక్షేపించినది. 2005లో గుజరాతు ప్రభుత్వము తన కంపెనీకి మన తీరమున 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువు దొరకెనని చాటెను. ఆ ఆశ చాలవరకు ఇగిరిపోగా, 2017లో ఓ.ఎన్.జి.సి. అందలి వాటాను 7,700 కోట్ల రూపాయలకు పైగా నిచ్చి కొనెను. పొరుగు ఓ.ఎన్.జి.సి. క్షేత్రములనుండి వాయువు డి-6 లోనికి వలసపోయెనని 2016లో కేంద్రము 155 కోట్ల డాలర్లు అడిగెను. 2018లో మధ్యవర్తులు కంపెనీ పక్షమున చెప్పిన తీర్పును 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు త్రోసివేయగా, వ్యాజ్యము సుప్రీంకోర్టు కెక్కినది. తన వంతుకై కేంద్రము ఇన్నియేండ్లు న్యాయస్థానములచుట్టు తిరుగుట ఒప్పైనపుడు, తీరవాసి తన వంతును నోట పలుకుట తప్పగునా?

గట్టు చేరిన వాయువు ఎటుపోయెను? కాకినాడవద్దనుండి గుజరాతులోని భరూచువరకు సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టము వేసిరి. దేశమంతట పరిశ్రమలు వృద్ధిబొందుట మాకును సంతోషమే. కాని 2013 నాటికి ఆ క్షేత్రమునుండి విద్యుత్కేంద్రములకు వాయువు నిలిచిపోగా, దానినే నమ్మి గోదావరి జిల్లాలలో వెలసిన కేంద్రములు మూగవోయెను. సామర్లకోటలో 2,400 మెగావాట్లకై తలపెట్టిన కేంద్రము వాయువు లేక ఆరంభమే కాలేదు. ఇల్లెక్కి కూయువానికి ఇంటిలో దీపము లేనట్లైనది.

ఇక భారము మాట వినుడు. త్రవ్వకపు వేదికచుట్టును 500 మీటర్లవరకు రక్షణవలయ మేర్పరచుటకు అంతర్జాతీయ సముద్రచట్టము అనుమతించుచున్నది. అందు వల వేయరాదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు మరపడవల వేటను మన తీరమున నిషేధించుచున్నారు. వాయువు తీయువానికి అట్టి నిషేధము లేదు. 2012లో గుజరాతు కంపెనీ సాగించిన పనులవలన వేట చెడిన ముమ్మిడివరము ప్రాంతపు మత్స్యకారులకు నిలిచిపోయిన పరిహారము 2019 నవంబరునకు గాని ముట్టలేదు. పదునారువేలకు పైగా కుటుంబములకు సుమారు 78 కోట్ల రూపాయలను రాష్ట్రప్రభుత్వము తన బొక్కసమునుండి తీసి యిచ్చెను. ఏడేండ్లు వల యెండగట్టి కూర్చున్న సంసారము ఏమి తిని బ్రదుకును? వడ్డీ వ్యాపారి ఏడేండ్లు ఆగునా?

ప్రమాదము కల్పితమనువారికి గట్టుమీది అనుభవమే సమాధానము. 1995 జనవరిలో పాశర్లపూడివద్ద బావి పగిలి 65 దినములు మండెను. 2014 జూను 27న నగరము గ్రామమున వాయువుగొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. కడలిలో నట్టిదే జరిగినచో? 2010లో మెక్సికో గల్ఫున సుమారు 1,500 మీటర్ల లోతున బావి పగిలి 11 మంది చనిపోగా, 87 దినములు చమురు పొరలివచ్చెను. మన బావులలో కొన్ని అంతకన్న లోతైనవి. 2017 జనవరిలో ఎన్నూరువద్ద రెండు ఓడలు ఢీకొని చిందిన నూనెను బకెట్లతో ఎత్తిపోసిన సంగతి చదువరులు మరచియుండరు. అట్టి నూనె పోటుతో ఉప్పుటేటి ముఖము చేరినచో దానినాపు అడ్డుగోడ లేదు.

కొల్లేటివారికి చట్టము క్రొత్త కాదు. 1999లో సరస్సును అభయారణ్యము చేసి +5 అడుగుల మట్టమువరకు గీత గీచిరి. 2006లో సుప్రీంకోర్టు ఆజ్ఞ ననుసరించి ఆ గీతలోపలి చేపలచెరువుల గట్లను తెగగొట్టిరి. సరస్సును కాపాడవలెననుటలో మాకు భిన్నాభిప్రాయము లేదు. కాని పేదవాని చెరువును అడుగులతో కొలిచిన చట్టమునకు, కడలిలో వేల చదరపు కిలోమీటర్లను కొలుచుటకు గొలుసు చాలలేదా? అచ్చట కఠినమైనది ఇచ్చట మెత్తనగుట యేల?

కంపెనీలు తీరగ్రామములలో బడులు కట్టించుచున్నవి, వైద్యశిబిరములు పెట్టుచున్నవి గదా యని తుదివాదము. చేయనిండు, కాదనము. కాని ఇచ్చువాని దయపై నిలుచునది దానము. అడుగువాని చేతిలో నుండునది హక్కు. దానమునకు లెక్క అడుగరాదు, హక్కునకు అడుగవచ్చును. తన వాకిటి సంపదకై తాను చేయిచాచుట ఆత్మగౌరవముగల జాతికి తగదు.

కావున మేము కోరునవి మూడు. మొదటిది: 1948 నాటి చమురుక్షేత్రముల చట్టమును పార్లమెంటు సవరించి తీరనిధి నొకదానిని స్థాపింపవలెను. దీనికి రాజ్యాంగమును ముట్టనక్కరలేదు. సాధారణ శాసనము చాలును. అయితే ఒక మెలకువ యుండవలెను. ఆ నిధిని గనులవలె రాయల్టీతో ముడివేసినచో, రాయల్టీ లేని ఏడేండ్లు సున్నలో మూడవవంతు సున్నయే యగును. కావున అమ్మిన వాయువు విలువపైననే దానిని కట్టవలెను. నిర్వాహకసంఘమున మత్స్యకారులకు స్థానములుండవలెను. రెండవది: వేటనష్టమునకు పరిహారపు సొమ్మును పని మొదలిడకముందే జమకట్టించి, నెలనెల చెల్లింపవలెను. మూడవది: ఎంత తీసిరి, ఎంత కమ్మిరి, ప్రభుత్వమునకెంత వచ్చెనను లెక్కను తెలుగులో అచ్చువేసి తీరపంచాయతులలోను గ్రంథాలయములలోను ఉంచవలెను.

ఏలూరు, నరసాపురము, మచిలీపట్టణము, అమలాపురము, కాకినాడ స్థానముల పార్లమెంటు సభ్యులు పార్టీభేదము మాని యీ మూటికై ఒక్కగొంతున నిలువవలెను. వారు నిలువకున్న, నిలుపుట మన పని. ప్రతి పఠనమందిరమునను సభచేసి, తీర్మానించి, ఆ ప్రతిని తమ సభ్యునకు పంపి, సమాధానము వచ్చువరకు అడుగుచుండవలెనని చదువరులను ప్రార్థించుచున్నాము. ఓటునకు వచ్చినపుడు ఆ సమాధానమునే చేతపట్టుకొని వాకిట నిలిచి ప్రశ్నింపుడు.