మందు కొట్టే ముందు కాళ్లు లెక్కపెట్టండి

ఎండలు ముదిరే రోజుల్లో మిద్దె తోటల వాళ్లు నర్సరీకి పట్టుకెళ్లే వాటిలో ముడుచుకుపోయిన మిరప ఆకు ఒకటి. 'దీనికి ఏ మందు కొట్టాలి?' అని అడుగుతారు. దుకాణదారు ఓ సీసా తీసిస్తాడు, లీటరు నీళ్లకు మూతెడు కలపమంటాడు. ఆకు పైకి ముడుచుకుందా, కిందికి ముడుచుకుందా అన్న మాట ఇద్దరి మధ్యా రాదు. నిజానికి మొదట తేల్చుకోవాల్సింది అదే.

మిరప రైతులకు ఈ తేడా ఎప్పటి నుంచో తెలుసు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే పై ముడత. అది తామర పురుగుల పని. ఆకు కిందికి వంగి, బోర్లించిన పడవలా అయితే కింది ముడత. అది తెల్లనల్లి పని. తామర పురుగు కీటకం, దానికి ఆరు కాళ్లు. నల్లి కీటకం కాదు. దానికి ఎనిమిది కాళ్లు, సాలెపురుగుకు దగ్గరి చుట్టం. (గుడ్డు నుంచి అప్పుడే బయటపడ్డ నల్లి పిల్లకు మాత్రం ఆరే ఉంటాయి, లెక్క తప్పించడానికన్నట్టు.) కీటకాల నాడీ వ్యవస్థను దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన మందులు చాలావరకు నల్లి మీద సరిగా పనిచేయవు.

పనిచేయకపోవడంతో పోతే పరవాలేదు. పరిస్థితి ఇంకా చెడుతుంది. అమెరికాలోని న్యూయార్క్ నగరంలో చెట్ల కాండాలను తొలిచే ఒక ఆసియా పెంకుపురుగు నుంచి ఎల్మ్ చెట్లను కాపాడేందుకు 2000ల దశకంలో ఇమిడాక్లోప్రిడ్ వాడారు. ఆ తర్వాత సెంట్రల్ పార్క్‌లో మందు వేసిన ఎల్మ్ చెట్ల మీద నల్లి విపరీతంగా పెరిగింది. ఎందుకని వెతికితే కారణాలు ఒకటికి మించి బయటపడ్డాయి. మందు సోకిన నల్లులను తిన్న మిత్రపురుగులు దెబ్బతిన్నాయి. మందు వేసిన చెట్ల ఆకులు తిన్న నల్లులు మామూలు కన్నా ఎక్కువ గుడ్లు పెట్టాయి. 2011లో వెలువడిన ఆ అధ్యయనం పార్కు చెట్లకు సంబంధించిందే అయినా, మన నర్సరీల్లో అన్ని రోగాలకూ ఒకటే అన్నట్టు అమ్ముడుపోయే సీసాల్లో ఇమిడాక్లోప్రిడ్ ఒకటి కాబట్టి ఆ కథ మనదీ. పైగా ఎర్రనల్లి మందులకు అలవాటుపడటంలో సిద్ధహస్తురాలు. ఇప్పటికే 90కి పైగా రసాయనాలను తట్టుకోగలిగిన సందర్భాలు నమోదయ్యాయి.

రసాయనం వద్దనుకునేవారు కషాయాల వైపు వెళతారు. ఆ ఉద్దేశం మంచిదే, కానీ 'సహజం' అన్న మాటకు అక్కడ లేని గౌరవం దక్కుతోంది. పొగాకు కషాయమే తీసుకోండి. అందులో పనిచేసేది నికోటిన్. అది మనిషికీ విషమే, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది. ఇమిడాక్లోప్రిడ్ కీటకం నాడుల్లో ఏ తలుపు తడుతుందో నికోటిన్ కూడా అదే తలుపు తడుతుంది. ఒకదాన్ని విషమనీ, రెండోదాన్ని వంటింటి చిట్కా అనీ అనుకోవడం సరికాదు. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ టమాటా, మిరప మొక్కలకు అంటుకునే ప్రమాదం అదనం. గిన్నెలు తోమే ద్రావణాన్ని చిక్కగా కలిపి కొట్టి ఆకులు మాడ్చుకునేవారూ ఉన్నారు.

వేపనూనె కొంత మెరుగు. అయితే అందులోని అజాడిరాక్టిన్ ఎండకు త్వరగా విచ్ఛిన్నమవుతుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం కొడితే శ్రమ వృథా. సాయంత్రం, ఆకుల అడుగున పడేలా కొట్టాలి.

ఇరవై కుండీల తోటకు ఇంతకన్నా ఘాటైన మందు ఎందుకన్నది అసలు సందేహం. సీసా మీద మోతాదు ఎకరాకో హెక్టారుకో రాసి ఉంటుంది, మూతలతో కొలవడానికి కాదు. మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో కూడా ఉంటుంది. పొద్దున కొట్టి సాయంత్రం పప్పులోకి నాలుగు కాయలు తెంపుకునే ఇంట్లో దాన్ని చదివేదెవరు? 2021-22లో నల్ల తామర పురుగు పూలల్లో దూరి మిరప పంటను తినేసినప్పుడు గుంటూరు, ఖమ్మం రైతులు మందు మీద మందు కొట్టారంటే వారికి అప్పులున్నాయి, కౌళ్లున్నాయి. మిద్దె మీద ఆ ఒత్తిడి లేదు. పోతే రెండు మొక్కలు పోతాయి.

అందుకే ఇక్కడ ఓపిక చవకైన మందు. అనుమానమున్న కొమ్మను తెల్లకాగితం మీద తట్టాలి. సన్నగా, పొడుగ్గా ఉండి చురుగ్గా కదిలేవి తామర పురుగులు. నెమ్మదిగా పాకే చుక్కలు ఎర్రనల్లి. తెల్లనల్లి కంటికి ఆనదు, పది రెట్లు చూపే భూతద్దం కావాలి. ఎర్రనల్లికి వేడి, పొడి గాలి ఇష్టం, సిమెంటు కప్పు మీద రెండూ పుష్కలం. రెండు మూడు రోజులకోసారి ఆకుల అడుగు భాగాన్ని నీటిధారతో కడిగితే ఎర్రనల్లీ, పేనుబంకా చాలావరకు రాలిపోతాయి. పేనుబంక చుట్టూ చీమలుంటే వాటి దారి కట్టేయాలి. తీపి జిగురు కోసం చీమలు ఆ పురుగులకు కాపలా కాస్తాయి. నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో చిన్న మొసలిలా కనిపించేదాన్ని చాలామంది నలిపేస్తారు. అది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకను తినడమే దాని పని.

మిత్రపురుగుల మాట ఆదర్శవాదుల కబురని కొట్టిపారేసేవారికి బొప్పాయి పిండినల్లి ఒక జవాబు. 2008లో కోయంబత్తూరులో కనిపించిన ఈ పురుగు త్వరలోనే బొప్పాయి, మల్బరీ తోటలను ముంచేసింది. ఒంటిమీది మైనం పూత వల్ల మందులు దానికి సరిగా అంటలేదు. 2010లో బెంగళూరులోని జాతీయ పరిశోధన సంస్థ ప్యూర్టోరికో నుంచి మూడు జాతుల బుల్లి కందిరీగలను తెప్పించి వదిలింది. నెలల వ్యవధిలో పిండినల్లి అదుపులోకి వచ్చింది. వాటిని వదిలిన చోట పురుగుమందు కొట్టకుండా ఉండటం ఆ పనిలో భాగం.

కొత్త ఆకులు చిన్నవై, పసుపు ఈనెలతో బొబ్బర్లెక్కి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. ఏ మందుకూ తగ్గదు. ఆ మొక్కను పీకి సంచిలో కట్టి పారేసి, పక్క కుండీల దగ్గర పసుపు జిగురు అట్టలు వేలాడదీయాలి.