ధర తగ్గినంత ధర్మము తగ్గునా?

ఒక యంత్రమును చేయుట మానితిమని దాని యుత్పత్తిదారులు ప్రకటించిన మరునాడే అంగళ్లలో దాని వెల సగమునకో మూడవపాలునకో పడిపోవుచున్నది. కాశీబుగ్గ బజారులోనేమి, టెక్కలి వీధులలోనేమి, చేతిలోని ఫోను తెరపై వెలసెడి అంగళ్లలోనేమి, ఆ దినమున రెండు కేకలు వినవచ్చును. పది రూపాయల సరకు నాలుగు రూపాయలకు దొరికినదని యొకడు కేరింతలు కొట్టును. నిన్ననే పది రూపాయలు పోసి కొంటిని, నన్ను నిలువున దోచిరని మరియొకడు మొత్తుకొనును. వీరిరువురిలో న్యాయమెవ్వరిదని పఠనమందిరములలో వాదములు చెలరేగుచున్నవి. మేము చెప్పునది వినుడు. ఈ రెండు కేకలలోను అసలు అన్యాయము లేదు. అది మూడవచోట, కేకలు వినరానిచోట జరుగుచున్నది. దానిని చూపుటయే నేటి మా యుద్దేశము.

మన కన్నులయెదుట జరిగిన నిదర్శనము నొకదానిని తీసికొందము. భారత్ స్టేజి 3 అను పాత పొగ ప్రమాణమునకు లోబడిన మోటారు బండ్లను 2017 ఏప్రిలు 1వ తేదీనుండి దేశమున నెచ్చటను అమ్మరాదని సుప్రీంకోర్టు ఆ మార్చి 29న ఆజ్ఞాపించెను. మార్చి 31లోపల అమ్మినట్లు రుజువున్న బండ్లకు మాత్రమే రిజిస్ట్రేషను. అప్పటికి అమ్ముడుపోక నిలిచిన బండ్లు సుమారు 8 లక్షల 24 వేలు. అందు ద్విచక్రవాహనములే 6 లక్షల 71 వేలు. మిగిలిన గడువు రెండు దినములు. ఆ రెండు దినములలో కొన్ని బండ్లపై 22 వేల రూపాయల వరకు తగ్గించిరి. దేశమంతట షోరూముల ముంగిట జనము తిరునాళ్లవలె మూగిరి. మధ్యాహ్నమునకే సరకు అయిపోయినదని చేతులెత్తివేసిన డీలర్లు పలువురు.

ఇందు మొదటి ఫిర్యాదు ఫిబ్రవరిలో నిండుధర యిచ్చి కొన్నవానిది. అతని బాధ మాకు తెలియును. కాని బాధ వేరు, అన్యాయము వేరు. అతడు కొన్ననాడు ఆ ధర కాబండి తగునని తానే యెంచెను. ఆ నెలరోజులును బండి నెక్కి తిరిగెను. కావలసిన రంగును, కావలసిన రకమును ఏరుకొనెను. తరువాత మరియొకనికి తక్కువకు దొరకినంతమాత్రమున అతని బేరము మోసము కానేరదు. రేపటి ధర నేడే యిమ్మనుట ఏ శాస్త్రమందును లేదు. అయితే ఒక్క మినహాయింపు కలదు. రెండుమూడు దినములలో ధర పడిపోవునని తనకు రూఢిగా తెలిసియు, "ఇంతకన్న తగ్గదు, త్వరపడుము" అని యొత్తిడిచేసి అమ్మినవాడు మాత్రము దోషియే. అమెరికాలో ఆపిల్ కంపెనీవారు 2007 జూన్ 29న 599 డాలర్లకు అమ్మజొచ్చిన ఫోనును సెప్టెంబరు 5న 399 డాలర్లకు దింపిరి. ముందు కొన్నవారు గగ్గోలుపెట్టగా మరునాడే ఆ కంపెనీ యధినేత స్టీవ్ జాబ్స్ 100 డాలర్ల విలువగల కొనుగోలు జమ నొసగెదమని బహిరంగలేఖ వ్రాసెను. చట్టము బలవంతపెట్టినందున కాదు, కొన్నవాని నమ్మకము చెడిన అంగడి నిలువదని యెరిగినందున. మన వ్యాపారులు ఈ సంగతి గమనింతురు గాక.

రెండవ ప్రశ్న కొన్నవానిని గూర్చినది. ఒకని నష్టమును తన లాభముగ చేసికొనుట తగునా యని కొందరు సుకుమారహృదయులు సందేహించుచున్నారు. తగును. పెద్ద కంపెనీ లెక్కవేసి చేసిన సాహసము తప్పినపుడు ఆ నష్టము దానిదే. 2017లో గడువు వచ్చుచున్నదని వాహనముల కంపెనీలకు ముందుగనే తెలియును. తెలిసియు తగిన యేర్పాట్లు చేసికొనక కూర్చుండిరని న్యాయస్థానమే యెత్తిచూపెను. కోట్లాది ప్రజల యారోగ్యము వర్తకుల లాభముకన్న మిన్న యని స్పష్టపరచెను. అట్టివారి తొందరపాటున కొక కూలివాడు, ఒక చిన్న గుమాస్తా, తన జన్మమున కొనలేని బండిని కొనగలిగిన సంతోషింపవలసినదే. ఆ బేరములో మరియొక సుగుణము కలదు: ధర యేల తగ్గెనో పత్రికలన్నియు చాటినవి. అమ్మినవాడు దాచలేదు, కొన్నవాడు కన్నులు తెరచియే కొన్నాడు.

ఇక నిజమైన అన్యాయమునకు వత్తము. అది మూడు ముఖములు గలది.

మొదటి ముఖము కారణమును దాచుట. హెచ్.పి. కంపెనీవారు టచ్‌ప్యాడ్ అను పలక కంప్యూటరును 2011 జూలైలో 499 డాలర్లకు అమ్మ మొదలిడి, ఏడు వారములైనను నిండకమునుపే, ఆగస్టు 18న, దానిని మానుచున్నామని ప్రకటించిరి. వెంటనే ధర 99 డాలర్లయ్యెను. జనము విరుచుకుపడి కొనిరి. వారికి తాము కొనుచున్నది తల్లిలేని బిడ్డనని తెలియును. కాని మన ప్రాంతమున జరుగుచున్నదేమి? పట్టణమున చచ్చిన నమూనాను పల్లెకు తెచ్చి "పండుగ తగ్గింపు" అను పసుపు కుంకుమలు పూసి అమ్ముచున్నారు. దానికి విడిభాగములు రానున్నవా లేవా, కంపెనీ పూచీ ఎన్నాళ్లు, బాగుచేయువాడు శ్రీకాకుళమున నున్నాడా విశాఖపట్టణమున నున్నాడా యని అడిగిన, "అన్నియు నున్నవి, తీసికొనుము" అను మాటయే గాని కాగితముపై నొక్క అక్షరము లేదు. పలాస పట్టణవాసికి బండి చెడిన ఆటో కలదు. వజ్రపుకొత్తూరు, మందస, కవిటి మండలముల యిసుకదారులలో నున్నవాని గతి యేమి? ఉద్దానమున మూత్రపిండముల జబ్బు ఇంటింటికి తెలిసిన శత్రువు. డయాలసిస్ కొరకు పలాసకో సోంపేటకో తండ్రిని వెనుక కూర్చుండబెట్టుకొని పోవు కొడుకునకు ఆ బండి విలాసవస్తువు కాదు, ప్రాణాధారము. అది దారిలో నిలిచి, దాని భాగము దొరకకపోయిన, ఆదాచేసిన నాలుగువేలు ఏమి మేలు చేయును?

రెండవ ముఖము మారుబేరము. రెండు దినముల గడువులో రొక్కము కూర్చుకొనగలవాడెవ్వడు? ముందుగ కబురందినవాడు, చేతిలో సొమ్మాడువాడు, అంగడివాని చుట్టము. హైదరాబాదునకో చెన్నపట్టణమునకో కూలికిపోయిన కొడుకు పంపు సొమ్ము మూడవనాడు వచ్చుసరికి సరకు మాయము. నాలుగవనాడు అదే సరకు అదే వీధిలో హెచ్చుధరకు ప్రత్యక్షము. ఒకడు తన యవసరమునకొకటి కొనుట బేరము. పది కొని దాచి, లేనివాని యవసరమును కనిపెట్టి అమ్ముట బేరము కాదు, అది కొల్లగొట్టుట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరమును దాటి కొబ్బరిని, జీడిని కూకటివ్రేళ్లతో పెకలించినపుడు, చీకటిలో నున్న జనమునకు కొవ్వొత్తులు, నీటిడబ్బాలు, జనరేటరు అద్దెలు ఎట్లు పెరిగెనో ఉద్దానము మరువలేదు. నాడు ధర పెంచినవానిని తిట్టిన నోరు, నేడు ధర తగ్గినపుడు దాచి పెంచువానిని మెచ్చుకొనుట యేమి నీతి?

మూడవ ముఖము అన్నింటికన్న క్రూరమైనది: చట్టము అమ్మరాదన్న సరకును మరల వేషముమార్చి బజారున దింపుట. అమ్మరాని భారత్ స్టేజి 3 లారీలను తుక్కుక్రింద కొని, దొంగపత్రములతో భారత్ స్టేజి 4 బండ్లుగ నాగాలాండున రిజిస్టరు చేయించి, మన రాష్ట్రమున తిప్పిరన్న యారోపణలపై 2020లో అనంతపురము జిల్లాలో కేసులు నమోదై అరెస్టులు జరిగెను. నేరము రుజువగుట న్యాయస్థానముల పని; దానిపై మేము తీర్పు చెప్పము. కాని అట్టి యారోపణ పుట్టుటకే అవకాశమెట్లు కలిగెను? మృతసరకు మితిమీరి చవకయైనపుడు ఆ చవకయే పాపమునకు పెట్టుబడి యగుచున్నది. అందు ధర చెల్లించువాడు కొన్నవాడు కాదు, రోడ్డుప్రక్కన పొగ పీల్చువాడు.

"వర్తకమునకు మీరు సంకెళ్లు వేయుదురా? మిగిలిన సరకును కుళ్లబెట్టుకొమ్మందురా?" అని కొందరడుగుదురు. మేమట్లనలేదు. ధర ఎంతయైన తగ్గింపుడు, ఉచితముగనే యిండు. డబ్బాపై అచ్చువేసిన గరిష్ఠ చిల్లర ధర పైమితియే గాని క్రిందిమితి కాదు. మేము కోరునది ధర కాదు, సత్యము. ఏల తగ్గినదో చెప్పి తగ్గింపుడు.

ఇంతవరకు వర్తకుని నిలదీసితిమి. ఇక పాఠకులారా, మనల మనము నిలదీసికొందము. చవకగ కొనుటయే గొప్పతనమను వ్యసనము మనకు పట్టినది. కంపెనీయెడ చూపవలసిన గడుసుదనమును బలహీనునియెడ చూపుచున్నాము. ఉద్దానపు రైతు జీడిపిక్కలను 80 కిలోల బస్తా లెక్కన అమ్మును. బస్తాకు 16 వేల రూపాయలు కావలెనని అతడు ఇటీవలి సంవత్సరములలో వీధికెక్కి యడిగెను. ఆఫ్రికాపిక్కలు ఓడలలో దిగుచుండ, ఇంట నిలువజేయు వసతిలేక, అప్పులవాడు గుమ్మములో నుండ, అతడు చెప్పినధరకు ఇచ్చివేయును. "భలే చవకగ కొట్టితిమి" అని అచ్చట కేరింతలు కొట్టువాని బేరమును, నిలిచిపోయిన నమూనాను చవకగ కొన్నవాని బేరమును ఒక్క త్రాసులో తూచరాదు. లెక్కతప్పిన కంపెనీ మరుసటి సంవత్సరము మరియొక నమూనాతో లేచును, రైతు లేవడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యని మన పెద్దలు ఊరకయే అనలేదు. నష్టము భరింపగలవాని నష్టము మీకు లాభమైన అది వర్తకము. భరింపలేనివాని నష్టము మీకు లాభమైన అది దోపిడి. ఇదియే మా కొలత.

ఈ కొలతతో కాశీబుగ్గలోని చిన్న దుకాణదారునిగూడ చూడుడు. అతడు అప్పుచేసి సరకు దింపెను. కంపెనీ నమూనాను మానివేసినపుడు అతనికి చెప్పకయే ఫోను తెర యంగడిలో ధర తగ్గించెను. అతని యొద్దకు పోయి "అచ్చట అంత, ఇచ్చట ఇంతయా, దొంగవా?" యని కసరుట న్యాయము కాదు. నిలిచిన సరకు భారమును కంపెనీ పంచుకొనవలెనని అతనితో కలిసి మనమును అడుగవలెను.

అయిన చేయవలసినదేమి? చట్టము మనచేతిలోనే కలదు. 2020 జూలై 20న అమలునకు వచ్చిన 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము, బిల్లు ఈయకుండుటను అనుచిత వ్యాపారపద్ధతిగ పేర్కొన్నది. లోపముగల సరకును బిల్లులో చెప్పిన గడువులోను, గడువు చెప్పనిచో 30 దినములలోను తిరిగి తీసికొననివాడును అట్టి దోషియే. కావున "అమ్మిన సరకు వాపసు తీసికొనబడదు" అను బోర్డు లోపపు సరకునకు కవచము కాదు. ఇవ్వదలపని సరకును చవకధరతో ప్రకటించి జనమును రప్పించుట సయితము అనుచిత వ్యాపారపద్ధతిగనే యెంచబడును. ఎర ప్రకటనలపై 2022 జూన్‌లో మార్గదర్శకములు వెలువడినవి. ఫిర్యాదు వ్రాయుటకు కంపెనీ యున్న ఊరికి పోనక్కరలేదు. కొన్నవాడు నివసించు జిల్లాలోనే, అనగా శ్రీకాకుళము కమిషన్ యెదుటనే, వేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షలకు మించనిచో రుసుము లేదు. 1915 అను నంబరునకు ఫోను చేసినను ఆలకించువారు కలరు.

కావున కొనువారు మూడు మాటలు బిల్లుపై వ్రాయించుకొనవలెను: ఈ నమూనా నిలిచినదా, పూచీ యెన్నాళ్లు, విడిభాగములెచ్చట. వ్రాయననువాని సరకు ఎంత చవకయైనను కాలితో తాకవలదు. వర్తకసంఘములు మనిషికొకటి అను నియమము పెట్టి, తగ్గింపును ముందుగ గోడపై వ్రాసి, వరుసక్రమమున అమ్మవలెను. ప్రతి పఠనమందిరమున వారమున కొకదినము ఇట్టి ఫిర్యాదులు ఉచితముగ వ్రాసిపెట్టుట మా న్యాయవాదుల విధి. ఆ పనికి మేము సిద్ధము. పలాసనుండి బారువవరకు గల యువకసేవకులారా, మీరు పల్లెలకు పోయి ఈ మూడు మాటలను చదువురాని తల్లులకు నేర్పుడు.

చవకబేరము పాపము కాదు. కాని సత్యమును కోసి ధరలో తగ్గించిన సరకును, బలహీనుని కోసి ధరలో తగ్గించిన సరకును ఇంటికి తెచ్చుకొన్నవాడు లాభపడినట్లు భ్రమపడుచున్నాడు. ధర తగ్గవచ్చును, ధర్మము తగ్గరాదు.