పిల్లలకు ఆసక్తి లేదనే ముందు తీగ చూడండి



ఆదివారం ఆన్‌లైన్ తెలుగు తరగతి ఆపేద్దామన్న మాట కార్యవర్గంలో మళ్ళీ వచ్చింది. హాజరు తగ్గిందట. పిల్లలకు ఆసక్తి లేదట, తల్లిదండ్రులకు పట్టింపు లేదట. ఈ మాటకు మేము ఒప్పుకోం.

హాజరు పట్టీని ఒకసారి సరిగ్గా చూడండి. పేర్లు మాయమవుతున్నది తరగతి నడిమధ్యలో. ఆసక్తి లేని పిల్లవాడు అసలు రాడు. వచ్చి, పది నిమిషాలు కూర్చుని, మాయమై, మళ్ళీ వచ్చి, మళ్ళీ మాయమయ్యే పిల్లవాడి ఇంట్లో పాడైంది కనెక్షన్. దానికి పిల్లవాణ్ణి తిడితే ఏం లాభం?

ఇది చిన్న విషయం కాదు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక పదో తరగతి వరకు తమిళం తప్పనిసరి అయింది, బడిలో మన తెలుగుకు చోటు కుంచించుకుపోయింది. తాతముత్తాతల నాటి నుంచి చెన్నపట్నంలో ఉన్న కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయమంటే మాత్రం బిక్కమొహం వేస్తారు. వాళ్ళలో చాలామందికి మిగిలింది వారానికి ఈ ఒక్క గంటే. ఆ గంటను ఒక వదులు తీగకు వదిలేస్తామా?

మేము కొందరం కలిసి రాయపురం, పెరంబూరు వైపు కొన్ని ఇళ్ళకు వెళ్ళి చూశాం. ఒక ఇంట్లో కేబుల్ తీగ లోపలికి వస్తూనే స్ప్లిటర్‌లో దూరి రెండు టీవీలకు పోయి, మిగిలింది మోడెంకు వస్తోంది. రెండుగా చీల్చే స్ప్లిటర్ ఒక్కో దారిలో సుమారు 3.5 డెసిబెల్స్ తినేస్తుంది, అంటే సగానికి పైగా బలం. నాలుగుగా చీల్చేది 7 తింటుంది. ఇంకో ఇంట్లో మేడ మీది కనెక్టర్‌లో వాన నీళ్ళు దిగి, ఉప్పుగాలికి రాగి పచ్చబడింది. మరో ఇంట్లో తీగ అంతా బాగుంది, వైఫై పెట్టె మాత్రం ఇనప బీరువా వెనక ఉంది. మూడిళ్ళలో మూడు జబ్బులు. మూడిళ్ళవాళ్ళకీ ఫోనులో దొరికిన వైద్యం ఒకటే: "ఆఫ్ చేసి ఆన్ చేయండి. లేదంటే పెద్ద ప్లాన్‌కు మారండి."

ఈ రెండు సలహాల మీదే మా పోరు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మోడెం లైనును మళ్ళీ కొత్తగా పట్టుకుంటుంది, కాసేపు నడుస్తుంది, జబ్బు అలాగే ఉంటుంది. పైగా మోడెం అప్పటిదాకా లెక్కపెట్టుకున్న తప్పుల చిట్టా సున్నా అవుతుంది. అంటే సాక్ష్యాన్ని మన చేత్తోనే తుడిచేస్తున్నాం. ఇక పెద్ద ప్లాన్ సంగతి. వీడియో తరగతికి రెండు మూడు ఎంబీపీఎస్ చాలు. చిల్లుపడిన కుండలో ఎక్కువ నీళ్ళు పోస్తే చిల్లు పూడుతుందా?

ఇంజనీరు అక్కరలేదు, వరస తప్పకుండా చూస్తే చాలు. తెగిన ఆ క్షణంలో మోడెం దీపాలు చూడండి. "ఆన్‌లైన్" దీపం మిణుకుమంటే లైను పోయింది, అది కంపెనీ బాధ్యతో, ఇంట్లోని తీగదో. దీపం నిలకడగా ఉండి కూడా నెట్ రాకపోతే, ల్యాప్‌టాప్‌ను లాన్ తీగతో నేరుగా మోడెంకు పెట్టి, మోడెంను ఒక్కసారి మాత్రం ఆపి వేసి చూడండి. అప్పుడు బాగా నడిస్తే తప్పు రౌటర్‌దో వైఫైదో. పెట్టెను గది మధ్యకు తెచ్చి ఎత్తులో పెట్టండి, దగ్గర కూర్చునేవాళ్ళు 5 గిగాహెర్ట్జ్ వాడండి.

లైనే అనుమానమైతే, బ్రౌజర్‌లో 192.168.100.1 కొట్టండి. చాలా కేబుల్ మోడెంలు తమ లెక్కలు అక్కడ చూపిస్తాయి. డౌన్‌స్ట్రీమ్ పవర్ −7 నుంచి +7 డీబీఎంవీ మధ్య ఉంటే మంచిది. ఎస్ఎన్ఆర్ 33 దాటి ఉండాలి. అప్‌స్ట్రీమ్ 50 దాటితే మోడెం గొంతు చించుకుని అరుస్తోందన్న మాట. ఆ పేజీని ఫొటో తీయండి. స్ప్లిటర్ తీసేసి మళ్ళీ తీయండి. తెగిన రోజు, వేళ, దీపం తీరు ఒక నోటుపుస్తకంలో రాయండి. అప్పుడే ఫోను చేయండి.

ఫిర్యాదు చేస్తే డాకెట్ నంబరు అడిగి తీసుకోండి. 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం అది ఇవ్వాల్సిందే. పరిష్కారం నచ్చకపోతే ఆ కంపెనీలోనే అప్పీలు అధికారి ఉంటారు, రుసుం లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదును నేరుగా విచారించదు, కాబట్టి డాకెట్ నంబరు లేనివాడికి ముందుకు దారి లేదు.

"కేబుల్ అబ్బాయి మనవాడే, గొడవెందుకు" అంటారు కొందరు పెద్దలు. గొడవ ఆ అబ్బాయితో కాదండీ. స్తంభం ఎక్కి దిగే అతనికి కొత్త తీగ, కొత్త కనెక్టర్ ఇప్పించేది పైవాళ్ళు. మన చేతిలో తేదీలు, అంకెలు ఉంటే అతనికీ అడగడానికి బలం వస్తుంది. "నెట్ సరిగ్గా రావట్లేదు" అన్న ఒక్క ముక్క పట్టుకుని అతను మాత్రం ఏం చేయగలడు?

కార్యవర్గానికి మా డిమాండ్లు మూడు. తరగతి ఆపే తీర్మానం పక్కన పెట్టండి. పైన చెప్పిన వరసను ఒకే పేజీలో పెద్ద అక్షరాల తెలుగులో అచ్చువేసి ఇంటింటికీ ఇవ్వండి. తెలిసిన కుర్రవాళ్ళు ఇద్దరిని, ఒక లాన్ తీగను, ఒక పాత ల్యాప్‌టాప్‌ను నెల రోజులు ఈ పనికి కేటాయించండి. ఉగాది పందిరికి పెట్టే ఖర్చులో ఇదెంత?

నెల తర్వాత కూడా హాజరు పెరగకపోతే, ఆసక్తి గురించి అప్పుడు మాట్లాడదాం. అంతవరకు పిల్లల మీద ఆ నింద వేయకండి.