అద్దె ఇంట్లో అక్వేరియం
అద్దె ఫ్లాటులో అక్వేరియం పెట్టాలంటే ముందు చూసుకోవాల్సింది చేప రంగు కాదు, తొట్టి బరువు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తున్న తొట్టిలో నీళ్లే వంద కిలోలు దాటుతాయి. గాజు, గులకరాళ్లు, స్టాండు అదనం. హైదరాబాద్‌లోని ఆబిడ్స్, నాంపల్లి సందుల్లో ఉన్న పాత అపార్ట్‌మెంట్లలో దాన్ని బాల్కనీలో కాక, కింద దూలం ఉన్న గోడవారన పెట్టాలి. ఓనరుకు ముందే చెప్పాలి. కింది వాటా సీలింగు చెమ్మగిల్లాక చెబితే అడ్వాన్సు మీద ఆశ వదులుకోవాల్సిందే. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. దాన్ని పోగొట్టే హైపో మందు కలపకుండా పోస్తే చేప మొప్పలు దెబ్బతింటాయి. అసలు చిక్కు తొందరపాటే: చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతలోపే తొట్టిని చేపలతో నింపేసినవాళ్లు వారానికో చేపను పారేస్తుంటారు. గోల్డ్‌ఫిష్‌ను చిన్న గాజుగిన్నెలో వదిలే అలవాటూ ఇంకా పోలేదు. అది ముచ్చట కాదు, హింస. ఏడాదిలోపు ఇల్లు మారేవాళ్లకు రెండడుగుల తొట్టి, పది గప్పీలు చాలు.